సోమవారం చీటీలు

పోయిన నెలలో ఒకరోజు మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చీ రాగానే ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. బండి పెట్టకూడని చోట పెట్టిందని జరిమానా పడిందట. "నేనక్కడ పెట్టనే లేదు నాన్నా, ఎవరి బండో చూసి నాకు వేశారు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ సమయంలో నవ్వకూడదని తెలుసు గానీ నా వల్ల కాలేదు. ఫోను లాక్కుని తన గదిలోకి పోయింది.

నేను నవ్వింది దాన్ని చూసి కాదు. పాతికేళ్ళు దాటిపోయాయి, అది ఇంకా వాళ్ళమ్మ కడుపులో ఉండగా, బహ్రెయిన్‌లో ఇదే మాటని ఇంతే కోపంగా నేనూ ఇంకొకాయనా పట్టుకుని తిరిగాం. ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత కాస్త సిగ్గేస్తుంది.

ఆయన పేరు రాయను. ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు, ఉంటే ఎనభై దగ్గర పడి ఉంటాయి. పేరు రాశానంటే మాత్రం ఎక్కడున్నా సరే, ఇందులో తప్పులన్నీ పట్టి నాకు రెండు పేజీల ఉత్తరం రాస్తారు. ఉత్తరాలు రాయడం ఆయనకి వ్యసనం. బిస్కెట్ ప్యాకెట్లో ఒక బిస్కెట్ తక్కువ వచ్చిందని ఫ్యాక్టరీకి రాశారు. వాళ్ళు క్షమాపణ చెప్పి ఒక పెద్ద డబ్బా పంపారు. డబ్బాలో ఎన్ని ఉండాలో పైన అచ్చు వెయ్యలేదని మళ్ళీ రాశారు. సబ్బు పెట్టె మీద వేసిన బరువూ, తన స్టోర్లో తక్కెడ చూపించిన బరువూ పక్కపక్కన వేసి ఇంకో కంపెనీకి రాశారు. ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే. అన్నీ అత్యంత వినయంగా మొదలయ్యేవి. రెండో పేరాకి వచ్చేసరికి ఆ వినయం ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు.

మేమిద్దరం ఒకే కంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాళ్ళం. కర్జకాన్ దగ్గర మా కంపెనీ ఇళ్ళు కడుతుండేది. నేను సైటు ఆఫీసులో అకౌంట్స్ చూసేవాణ్ణి, ఆయన స్టోర్‌కీపరు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, ఆయనకి యాభై దాటాయి. మనామాలో ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం, రెండో అంతస్తులో నేనూ మా ఆవిడా, కింద ఒంటి గదిలో ఆయన. ఆయన కుటుంబం రామచంద్రపురంలో ఉండేది. మేం ఆయన్ని బాబాయ్ గారనేవాళ్ళం. ఆయన నన్ను అబ్బాయ్ అనీ, మా ఆవిణ్ణి అమ్మాయ్ అనీ పిలిచేవారు. సెలవు రోజున మా ఇంట్లోనే భోంచేసి, పప్పులో ఇంగువ తక్కువైతే ఆ సంగతి ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళేవారు.

ఆయన గోదావరి మర్యాద ఏ భాషలోకి వెళ్ళినా వెంట వెళ్ళేది. హిందీ మాట్లాడితే 'హై అండి', ఇంగ్లీషు మాట్లాడితే 'యస్ అండి', దారిలో పోలీసు ఆపితే 'సలామాలేకుం అండి'. నమస్కారమూ అంతే. దూరం నుంచి ఎవరు చెయ్యెత్తినా తనకే అనుకుని, ఉన్నచోటనే ఆగి, చెప్పులు వదిలి, రెండు చేతులూ జోడించేవారు. ఒకసారి సైటులో ఒకతను క్రేన్ డ్రైవరుకి 'దించు, దించు' అని చేత్తో సైగ చేస్తుంటే ఈయన ఎదురు నమస్కారం పెట్టారు. ఆ మనిషి ఏమనుకున్నాడో, సైగ మానేసి ఈయనకి సలాం చేశాడు. ఇనప ఊచల కట్ట కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

ఒకవైపు ఖాళీగా ఉన్న కాయితాన్ని ఆయన ముందు పారెయ్యడం ఎవరి తరమూ కాదు. "రెండో వైపు ఖాళీయే కదండీ" అని చెయ్యి చాచేవారు. హోటళ్ళ ప్రకటనలు, టైలర్ల కరపత్రాలు, మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాయితాలు, విప్పి తిరగేసిన కవర్లు, అన్నీ ఒకే కొలతకి మడిచి, మూల క్లిప్పు పెట్టి, చొక్కా జేబులో ఉంచుకునేవారు. స్టోర్లోంచి ఎన్ని మేకులు వెళ్ళాయో, ఇంటికి ఏం రాయాలో, ఏ ఫ్యాక్టరీని ఎలా నిలదియ్యాలో అన్నీ వాటి మీదే. అచ్చు వైపు అరబ్బీ ఉంటే ఆయనకి అది గోడతో సమానం. చదవడం రాదు, చదివించుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

ఒక కారు లీజుకి తీసుకున్నాం. నెల అద్దె చెరిసగం. కాయితాల మీద సంతకం నాది, స్టీరింగు ఆయనది. నాకూ లైసెన్సు ఉంది గానీ, నేను నడిపితే ఆయన పక్క సీట్లో కూర్చుని కాలికింద లేని బ్రేకుని కర్జకాన్ దాకా తొక్కుతూనే ఉండేవారు. చూడలేక ఆయనకే వదిలేశాను. రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది.

ఒక్క విషయంలో మా ఇద్దరికీ పడేది కాదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. మేం ఇంటి నుంచి బయల్దేరేది ఏడూ నలభైకి. ఎప్పుడో ఒక సోమవారం అవాలి రోడ్డు మీద టైరు పేలి ఆయన ముందుపన్ను ఒకటి పోయింది. అప్పట్నుంచీ ఆదివారం సాయంత్రం కాగానే పైకి వచ్చి, "రేపు ఒక్క అరగంట ముందు బయల్దేరదామా అబ్బాయ్" అనేవారు. పొద్దున్నే లేవడం నాకు చావుతో సమానం. పైగా ఆ రోజుల్లో నేను పెద్ద హేతువాదిని.

"రాహువుకి బహ్రెయిన్ వీసా ఎవరిచ్చారు బాబాయ్ గారూ?" అనేవాణ్ణి.

"సూర్యుడికి ఎవరిచ్చారో వాళ్ళే ఇచ్చారు."

"మనవాళ్ళకి అక్కడ పది దాటింది. అక్కడ రాహుకాలం ఎప్పుడో అయిపోయింది."

"సూర్యుడు ఏ ఊళ్ళో లేస్తే ఆ ఊరి లెక్కే. ఊరుకో అబ్బాయ్, నీకు తెలీదు."

మా ఆవిడకి అయిదో నెల వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఆ మాట ఎత్తడం మానేశారు. నా వాదనకి లొంగారనుకున్నాను. పెద్దవాణ్ణి మార్చగలిగానని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. సోమవారాలు నేను కిందికి దిగేసరికి బండి గేటు ముందు సిద్ధంగా ఉండేది, అద్దాలు తుడిచి, ఏసీ వేసి. ఆయన స్టీరింగు మీద మూడుసార్లు వేళ్ళతో తట్టి కదిలించేవారు.

ఎనిమిదో నెల నడుస్తుండగా లీజు కంపెనీ నుంచి లావుపాటి కవరు వచ్చింది. లోపల పదమూడు పార్కింగ్ చార్జీలు. ఎవరిదో ప్రైవేటు స్థలంలో అనుమతి లేకుండా మా బండి పెట్టామట. ఆ స్థలం వాళ్ళు బండి నంబరు చూసి లీజు కంపెనీకి పంపితే, లీజు కంపెనీ మూడు నెలలవీ పోగేసి ఒక్కసారి నా మీదికి తోసింది. ఊరికే తొయ్యలేదు. ఒక్కో చీటీకి మూడు దినార్లు పార్కింగు, ఆ సంగతి నాకు అందజేసినందుకు రెండు దినార్లు సర్వీసు చార్జీ. నెలాఖరులోగా కట్టకపోతే కారు వెనక్కి తీసుకుంటామని చివర ఒక వాక్యం. కాన్పు రోజుకి కారు లేకపోతే ఎలాగని మా ఆవిడ బెంగ పెట్టుకుంది.

ఇంతకీ ఆ స్థలం మా పక్క బిల్డింగుదే. మా బిల్డింగులో మాకు సొంత చోటుంది, దాని మీద తెల్లరంగుతో మా ఫ్లాటు నంబరు కూడా వేసి ఉంది.

"మన చోటు మనకుండగా పక్కవాళ్ళ చోట్లో ఎందుకు పెడతామండీ? అన్యాయం ఇది" అని బాబాయ్ గారు నాకంటే ముందు లేచారు. నేను జాబితా చదివాను. తేదీలన్నీ సోమవారాలే, వేళలన్నీ పొద్దున్న ఏడుకీ ఏడున్నరకీ మధ్య.

"సోమవారాలా?" అని ఆయన చెవి వెనక ఒకసారి గోక్కున్నారు. నాకు బాగా గుర్తు. గోక్కుని, పెన్ను తీశారు.

మూడు సాయంత్రాలు మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం రాశారు. జేబులోని క్లిప్పు తీసి, ఒక్కో కాయితం వెనక ఒక్కో పేరా. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాయితాన్ని చేతి పొడవునా దూరంగా పట్టుకుని, వాక్యం వాక్యం పైకి చదివి వినిపించేవారు. ఏడు గంటలకి మేమిద్దరం ఇళ్ళలోనే ఉన్నామనీ, ఎనిమిదింబావుకల్లా కర్జకాన్ రిజిస్టరులో సంతకాలు పెట్టామనీ, ఈ మధ్యలో పక్కవాళ్ళ స్థలంలో బండి పెట్టాల్సిన అగత్యం ఏ మనిషికీ ఉండదనీ రాశారు. ఇంత పకడ్బందీ ఉత్తరం నేను ఎప్పుడూ చూడలేదు.

దానికి నేనొక వాక్యం కలిపాను. ఆ బిల్డింగు వాచ్‌మన్ యజమాని దగ్గర మెప్పు కోసం ప్రతి సోమవారం కూర్చుని దొంగచీటీలు రాస్తున్నాడనీ, అతని మీద చర్య తీసుకోవాలనీ.

"ఆ ముక్క అవసరమంటావా అబ్బాయ్? మనిషిని మనం చూళ్ళేదు కదా" అన్నారాయన.

"మెత్తగా రాస్తే ఎవరూ కదలరు బాబాయ్ గారూ. బిస్కెట్ల వాళ్ళకి మీరెలా రాశారు?"

"బిస్కెట్లకి ఉద్యోగాలు పోవు కదా" అని గొణిగారు గానీ, కాదనలేదు. నేను ఆఫీసులో టైపు చేసి, సంతకం పెట్టి పంపేశాను.

పది రోజులకి లీజు కంపెనీ ఆఫీసరు ఫోను చేశాడు. ఉత్తరం చూసి పక్క బిల్డింగు యజమాని వాచ్‌మన్ మీద మండిపడుతున్నాడట. దొంగచీటీలని తేలితే వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తానన్నాడట. బుధవారం అతన్నీ పిలిపిస్తున్నాను, మీరూ రండి, ముఖాముఖి తేల్చేద్దాం అన్నాడు ఆఫీసరు. నాకు సంతోషమే వేసింది. బాబాయ్ గారు మాత్రం "వీసా రద్దా?" అని రెండుసార్లు అడిగారు.

మనామా పక్కనే సీఫ్‌లో కొత్త భవనాలు లేస్తున్న రోజులవి. లీజు కంపెనీ ఆఫీసు వాటిలో ఒకదాని అయిదో అంతస్తులో ఉండేది. ఆఫీసరు నడివయసు బహ్రెయినీ, కాళ్ళదాకా దిగే తెల్లటి అంగీ, తోబులో, చాలా మర్యాదస్థుడు. మాకు కుర్చీలు చూపించి టీ తెప్పించాడు. వాచ్‌మన్ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో, ఎండకి మాడిన సన్నటి మనిషి, ఉతికిన యూనిఫాం, చేతిలో టోపీ. బంగ్లాదేశ్ వాడనుకున్నాను. అంతకంటే పరీక్షగా చూడాలనిపించలేదు.

అందరం హిందీలోనే మాట్లాడుకున్నాం. ఆఫీసరు మా ఉత్తరం తిరగేశాడు, నేను తెచ్చిన రిజిస్టరు కాపీ చూశాడు. వాచ్‌మన్ని ఏమంటావని అడిగాడు. అతను "సచ్ లిఖా సాబ్" అని మాత్రం అన్నాడు. హిందీ అంతకు మించి వచ్చినట్టు లేదు. సాక్షి ఉన్నాడా అంటే తల అడ్డంగా ఊపాడు.

"ఖలాస్" అన్నాడు ఆఫీసరు. "మీవి రద్దు చేస్తాను. ఇతని సంగతి ఇతని కఫీల్ చూసుకుంటాడు." కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని.

నేను లేచాను. బాబాయ్ గారు లేవలేదు. గెలిచాక లేచి రావడం ఆయనకి చేతకాదు. అసలు సర్వీసు చార్జీ అనేదే అన్యాయమని తాను రాసిన పేరా ఒకటుంది, ఉత్తరం పొడుగైపోతోందని నేను టైపు చెయ్యకుండా వదిలేశాను. దాన్ని ఇప్పుడు చదివి వినిపించాలని ఆయన కోరిక. "ఏక్ మినిట్ అండి" అని జేబులోంచి క్లిప్పు కట్ట తీశారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు, ఆ పేరా ఉన్న కాయితాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నారు. రాసిన వైపు ఆయనకి, అచ్చు వైపు తలుపుకి.

"అగో, గదే సార్" అన్నాడు తలుపు దగ్గర మనిషి. తెలుగులో. "గదే నేను రాసిన చీటీ."

ఆ గదిలో తెలుగు వినపడేసరికి లేచినవాణ్ణి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. అతనికి మేం తెలుగువాళ్ళమని అప్పటికే అర్థమైనట్టుంది. ఇక ఆగలేదు.

"నేను అబద్ధం రాయలే సార్. గల్ఫుకు వచ్చి ఆరేండ్లాయె, ఒక్క మాట పడలే. ప్రతి సోమారం పొద్దుగాల ఈ సారే వస్తడు. బండి మా జాగల పెడ్తడు. సంచి తీసి కండ్లకద్దుకొని మల్ల సీట్లనే పెడ్తడు. తూర్పుకు తిరిగి దండం పెట్టుకొని నడుసుకుంట పోతడు. నేను మీద నీళ్ళ ట్యాంకి కాడ ఉంట. పెట్టొద్దని మీదికెల్లి చెయ్యి ఊపిన. సారు నాకు గూడ దండం పెట్టిండు. కిందికి దిగొచ్చి చీటీ రాసి అద్దానికి పెట్టిపోయిన. ఎన్నిసార్లు పెట్టినా సారు దాన్ని మంచిగ మడిచి జేబుల ఏసుకుంటడు. నౌకరి పోతే నేను ఏ మొఖం పెట్టుకొని ఇంటికి పోవాలె సార్?"

బాబాయ్ గారు కాయితాన్ని మెల్లగా తిప్పారు. అచ్చు వైపు అరబ్బీ అక్షరాలు, మధ్యలో బాల్‌పెన్నుతో, అరబ్బీ అంకెల్లోనే, మా బండి నంబరు. కింది కాయితం తిప్పారు, దాని మీదా అదే. మొత్తం కట్ట అదే. పక్క బిల్డింగు వాచ్‌మన్ రాసిన చీటీల వెనక, ఆ చీటీలన్నీ అబద్ధమని ఆయన మూడు సాయంత్రాలు కూర్చుని రుజువు చేశారు.

"క్యా బోల్తా?" అన్నాడు ఆఫీసరు మా ఇద్దర్నీ చూసి. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇక్కడ నేను చేసిన పని రాయకుండా దాటేస్తే బాగుండును. గదిలో తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురం. వాచ్‌మన్‌కి హిందీ రాదు, ఆఫీసరుకి తెలుగు రాదు. బతిమాలుకుంటున్నాడని ఒక్క మాట చెప్తే అంతా అక్కడితో సరి. బల్ల కింద నేను బాబాయ్ గారి కాలు గట్టిగా తొక్కాను.

"కాలు తియ్యి అబ్బాయ్" అన్నారాయన, అటే చూస్తూ. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "వో సచ్ బోల్తా హై అండి" అన్నారు.

అక్కడి నుంచి ఒక్క మాట వదలకుండా అనువాదం చేశారు. వాచ్‌మన్ 'ఈ సారు' అన్న చోటల్లా ఈయన 'ఏక్ బుఢ్ఢా' అన్నారు, ఎవరో ఒక ముసలాడన్నట్టు. ఆ బుఢ్ఢా సోమవారం పొద్దున్నే వస్తాడు అండి, బండి పెడతాడు అండి, సంచి కళ్ళకద్దుకుంటాడు అండి. వద్దని పైనుంచి చెయ్యి ఊపితే ఆ బుద్ధిలేనివాడు నమస్కారం పెడతాడు అండి. ఈ బుద్ధిలేనివాడన్న మాట వాచ్‌మన్ అననే లేదు. చివర "వో బుఢ్ఢా మై హూఁ అండి" అని కట్టంతా బల్ల మీద పెట్టేశారు.

ఆఫీసరు ఒక్కో చీటీ తిప్పి నంబరు చూసుకున్నాడు. సొంత బిల్డింగులో చోటుండగా పక్క బిల్డింగులో ఎందుకు పెట్టావని అడిగాడు.

నాకూ అప్పుడే తెలిసింది. మంచివేళ కాని సమయంలో బయల్దేరాల్సి వస్తే, ముందుగానే ప్రయాణం చేసే మనిషి బట్టో సంచో తీసుకెళ్ళి ఇరుగుపొరుగు ఇంట్లో పెట్టి వస్తారు. ప్రస్థానం పెట్టడం అంటారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క, ఆ తర్వాత రాహుకాలంలో కదిలినా దోషం ఉండదు. నేను ఏడిపిస్తానని నాకు చెప్పకుండా, ఏడున్నర కాకముందే ఆయన కారుతో సహా ప్రస్థానం పెట్టి వచ్చి, గదిలో కాఫీ తాగి, నేను దిగే వేళకి వెళ్ళి బండి తెచ్చేవారు. సంచిలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, నా నీలిగళ్ళ చొక్కా. ఆ చొక్కా కనపడటం లేదని నేను అప్పటికే లాండ్రీ అతనితో పెద్ద గొడవ పెట్టుకుని ఉన్నాను.

"సంచి ఒక్కటీ పక్కింట్లో ఇస్తే చాలండి. కానీ పక్కింట్లో మనకి ఎవరు తెలుసు? అందుకని బండిలో ఉంచాను" అన్నారు. అది పార్కింగని ఆయనకి కలలో కూడా తోచలేదు. శాస్త్రప్రకారం ఆ బండి అప్పటికే ప్రయాణంలో ఉంది. చీటీలు హోటలు వాళ్ళ ప్రకటనలనుకున్నారు.

"నీ కోసమా ఇదంతా?" అన్నాడు ఆఫీసరు.

"ఈ అబ్బాయి కోసం అండి. ఇంట్లో అమ్మాయికి ఎనిమిదో నెల అండి."

నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు భూమి చీలితే బాగుండుననుకున్నాను గానీ, మేమున్నది అయిదో అంతస్తు.

అంతటితో ఆగితే ఆయన ఆయనే కాదు. "పార్కింగు డబ్బు నాది, నేనే కడతాను అండి. ఇతని కఫీల్‌కి ఇతను నిజమే రాశాడని మీరు ఇప్పుడే ఫోను చెయ్యాలి అండి" అన్నారు. "కానీ సర్వీసు చార్జీ దేనికండి? చీటీ మాకు అందజేసినందుకని రాశారు. మీరెక్కడ అందజేశారు? ప్రతి సోమవారం చీటీ నాకు నేరుగానే అందింది. ఇవిగో పదమూడూను" అని వేలితో కట్టని ఆఫీసరు ముందుకి తోశారు.

ఆఫీసరు పగలబడి నవ్వాడు. సర్వీసు చార్జీ కొట్టేశాడు. మా ముందే పక్క బిల్డింగు యజమానికి ఫోను చేసి అరబ్బీలో రెండు నిమిషాలు మాట్లాడి, వాచ్‌మన్ వైపు చూసి తల ఊపాడు. అతను టోపీ పెట్టుకున్నాడు.

లిఫ్టులో ముగ్గురం కలిసే దిగాం. అతనిది నిజామాబాద్ దగ్గర పల్లెటూరట. గోడకి ఇవతల మేమూ అవతల అతనూ రెండేళ్ళుగా ఉంటున్నాం.

"బండి ఎందుకు సార్, సంచి నా రూముల పెట్టరాదు? నేను పక్కింటోన్నే గద" అన్నాడతను బాబాయ్ గారితో.

"ఆయ్, సోమవారం ఏడింటికి వస్తాను" అన్నారాయన, ఎంతో ఊరట పొందినట్టు.

దారిలో నేను ఉండబట్టలేక అడిగాను. "ఆఫీసరుకి తెలుగు రాదు కదా బాబాయ్ గారూ."

"నాకొచ్చు కదా అబ్బాయ్" అన్నారు. డబ్బులో సగం ఇవ్వబోతే తీసుకోలేదు, ఆఫీసరుని అడిగి మూడు నెలల వాయిదాల్లో తన జీతంలోంచే కట్టుకున్నారు.

దొంగచీటీలన్న మాట నాది. సంతకం నాది. అతని కళ్ళలోకి చూసి ఒక్కసారి కూడా క్షమించమనలేదు. రెండు రోజులు నన్ను నేను తిట్టుకుని, శుక్రవారం సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా పక్క బిల్డింగుకి వెళ్ళాను. మెట్ల కింద చిన్న గది. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, వద్దన్నా వినకుండా స్టవ్ వెలిగించి టీ పెట్టాడు.

"నేను రాసిన ఉత్తరం గురించి..." అని మొదలుపెట్టాను.

"తెలుసు సార్. పెద్దసారు నిన్ననే వచ్చి చెప్పిండు" అన్నాడు.

కుర్చీ అంచుకి జరిగాను. "ఏం చెప్పారు?"

"చీటీల మీద లొల్లి వేరేనట గద. నా గురించి మాత్రం అండ్ల మంచిగ రాసిన్రట. ఎండల గూడ జాగ వదిలిపెట్టడు, డ్యూటీ మంచిగ చేస్తడు అని. నేనేమో మీ మీద ఉత్తగనే కోపం చేసిన సార్, మనసుల పెట్టుకోకుండ్రి. నాకు ఇంగ్లీషు రాకపాయె." టీ గ్లాసు నా చేతికిచ్చి, కాస్త మొహమాటపడుతూ అన్నాడు. "గా ఉత్తరం కాపీ ఒకటి ఉంటే ఇయ్యరాదు సార్. ఇంటికి పంపుత. మా బిడ్డ ఇంగ్లీషు మీడియం సదువుతది, మా ఇంటిదానికి సదివి ఇనిపిస్తది."

ఆఫీసులో ఉంది, రేపు తెచ్చి ఇస్తానన్నాను.

శనివారం డ్యూటీకి వెళ్ళగానే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ ఉత్తరం టైపు చేశాను. ఎండలో కూడా జాగా వదిలిపెట్టడనీ, డ్యూటీ బాగా చేస్తాడనీ, ఆరేళ్ళుగా ఒక్క అబద్ధం రాయలేదనీ రాసి, పైన ఆ పాత ఉత్తరం తేదీనే వేసి, కింద సంతకం పెట్టాను.